ఉష్ణమాపకం చూడలేని వేడి

ఒక గిన్నెలో ఐసు ముక్కలు వేసి పొయ్యి మీద పెట్టండి. మధ్యలో ఒక ఉష్ణమాపకం నిలబెట్టి, గరిటెతో నెమ్మదిగా కలుపుతూ ఉండండి. కింద మంట మండుతూనే ఉంటుంది. గిన్నెలోకి వేడి పోతూనే ఉంటుంది. అయినా పాదరసం సున్నా దగ్గరే కూర్చుంటుంది. చివరి ఐసు ముక్క కరిగాక మాత్రం అది చకచకా పైకి ఎగబాకుతుంది. 100 డిగ్రీలు చేరగానే మళ్ళీ మొండికేస్తుంది. మంట ఎంత పెంచినా నీరు దబదబా మరుగుతుందే తప్ప పాదరసం ఒక్క గీత కూడా దాటదు. మరి ఈ రెండు చోట్లా గిన్నెలోకి వెళ్ళిన వేడి ఏమైపోయినట్టు?

గుప్తోష్ణం అని మీరు వెంటనే జవాబు చెబుతారు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు, ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 540 కెలోరీలు కావాలని పరీక్షల కోసం మీరు కంఠస్థం చేసే ఉంటారు. కాని కెలోరీ అనే ప్రమాణమే పుట్టని రోజుల్లో, సరైన గడియారమూ కచ్చితమైన తక్కెడా దొరకడమే కష్టమైన కాలంలో ఈ సంఖ్యల్ని ఎవరు కొలిచారు? కంటికి కనిపించనిది సరే, ఉష్ణమాపకానికి కూడా చిక్కని దాన్ని ఎలా పట్టుకున్నారు? ఆ లెక్క వెనక ఉన్న కథ లెక్కకన్నా ఆసక్తికరమైనది.

గ్లాస్గోలో రెండు గాజు బుడ్లు

1750ల నాటికి ఉష్ణమాపకాలు బాగానే ఉన్నాయి. ఫారన్‌హీట్ తయారుచేసిన పాదరసపు ఉష్ణమాపకం యూరప్ అంతటా వాడుకలో ఉంది. వేడి అంటే ఉష్ణమాపకం చూపించేదే అని చాలామంది నమ్మారు. మంచు సున్నా డిగ్రీలకు, అంటే ఫారన్‌హీట్ మానంలో 32 డిగ్రీలకు వచ్చిందంటే ఇక కరిగే అంచున ఉన్నట్టే. మరి కొంచెం వేడి తగిలితే చాలు, మొత్తం నీరైపోతుంది అనేది అప్పటి అభిప్రాయం.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యమూ రసాయనశాస్త్రమూ బోధించే జోసెఫ్ బ్లాక్ (1728-1799) ఈ అభిప్రాయాన్ని శంకించాడు. ఆయనకు ఆధారం ప్రయోగశాలలో కాదు, కిటికీ బయటే దొరికింది. చలికాలంలో కొండల మీద పేరుకున్న మంచు వసంతం రాగానే ఒక్క పూటలో కరిగిపోవడం లేదు. వారాల తరబడి ఎండ కాస్తున్నా మెల్లమెల్లగా కరుగుతుంది. పాత అభిప్రాయమే నిజమైతే, గాలి 32 డిగ్రీలు దాటిన మరుక్షణం కొండలన్నీ ఒక్కసారిగా వరదలై ఊళ్ళను ముంచెత్తాలి. బ్లాక్ తన విద్యార్థులకు ఈ వాదనే వినిపించేవాడు. మనం హిమాలయాలను తలచుకుంటే ఆ మాటలోని బరువు ఇంకా బాగా తెలుస్తుంది. గంగ, సింధు నదులకు వేసవిలో నీరు కొద్దికొద్దిగా అందుతున్నదంటే, ప్రతి గ్రాము మంచూ తన వాటా 80 కెలోరీలు పుచ్చుకుంటేనే గాని కరగనని భీష్మించుకోవడం వల్లనే.

శంకిస్తే సరిపోదు, కొలవాలి. 1761 డిసెంబరులో బ్లాక్ ఒకే పరిమాణం గల రెండు పలుచని గుండ్రటి గాజు బుడ్లు తీసుకున్నాడు. రెండింటిలోనూ అయిదేసి ఔన్సుల నీరు పోశాడు. ఒకదానిలోని నీటిని గడ్డ కట్టించాడు. రెండోదాన్ని 33 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా చల్లబరిచాడు. రెండింటినీ గాలి కదలని ఒక పెద్ద గదిలో వేలాడదీశాడు. గది ఉష్ణోగ్రత 47 డిగ్రీలు. నీటి బుడ్డి అరగంటలో 33 నుంచి 40 డిగ్రీలకు, అంటే 7 డిగ్రీలు వేడెక్కింది. మంచు బుడ్డి 40 డిగ్రీలకు చేరడానికి పదిన్నర గంటలు పట్టింది.

ఇప్పుడు లెక్క చూడండి. పదిన్నర గంటలంటే 21 అరగంటలు. అరగంటకు 7 డిగ్రీల వేడి చొప్పున మంచు బుడ్డిలోకి 21 × 7 = 147 డిగ్రీల వేడి వెళ్ళింది. చివరకు ఉష్ణమాపకం చూపించిన పెరుగుదల 32 నుంచి 40 దాకా, అంటే కేవలం 8 డిగ్రీలు. మిగిలిన 139 డిగ్రీల వేడి లోపలికి వెళ్ళి అదృశ్యమైంది! ఈ వేడికి బ్లాక్ పెట్టిన పేరుకు దాగి ఉన్నది అని అర్థం. మన గుప్తోష్ణం అదే.

ఇందులో ఒక బలహీనత ఉంది. ముందుకు చదివే ముందు కనిపెట్టగలరేమో ప్రయత్నించండి. రెండు బుడ్లూ ఒకే రేటున వేడిని పీల్చుకున్నాయని బ్లాక్ అనుకున్నాడు. కాని ఒక వస్తువులోకి వేడి ఎంత వేగంగా చేరుతుందనేది ఆ వస్తువుకూ పరిసరాలకూ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. నీటి బుడ్డి వేడెక్కేకొద్దీ ఆ తేడా తగ్గుతూ పోతుంది. కరుగుతున్న మంచు బుడ్డి విషయంలో అలా తగ్గదు. కాబట్టి 139 అనే సంఖ్య మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం.

బ్లాక్ అక్కడితో ఆగలేదు. గదినీ గడియారాన్నీ పక్కనపెట్టి, తక్కెడనూ ఉష్ణమాపకాన్నీ మాత్రమే నమ్ముకునే మరో పద్ధతి ఎన్నుకున్నాడు. మీరు కళాశాల ప్రయోగశాలలో చేసే మిశ్రమాల పద్ధతి ఇదే. 190 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి నీటిలో మంచుగడ్డ వేశాడు. ఆయన తూకపు రాళ్ళ ప్రకారం మంచు 119 భాగాలు, నీరు 135 భాగాలు. గాజు పాత్ర కూడా వేడిగానే ఉంది కాబట్టి దానిని 8 భాగాల నీటితో సమానంగా లెక్కగట్టాడు. మంచంతా కరిగాక మిశ్రమం 53 డిగ్రీల దగ్గర నిలిచింది.

వేడి నీరు, పాత్ర కలిసి కోల్పోయిన వేడి: 143 × (190 - 53) = 143 × 137 = 19,591. దీన్ని 119 భాగాల మంచు పంచుకుంది. భాగానికి దాదాపు 164 ½. ఇందులో కరిగిన నీరు 32 నుంచి 53 దాకా వేడెక్కడానికి 21 పోగా మిగిలింది 143 ½. నేడు మనం వాడే విలువ 80 కెలోరీలను ఫారన్‌హీట్ మానంలోకి మార్చండి: 80 × 9/5 = 144. రెండున్నర శతాబ్దాల కిందటి సరంజామాతో ఒక వైద్యుడు చేసిన కొలత ఇంత దగ్గరగా రావడం చూస్తే ముచ్చటేస్తుంది. పాత్ర విడిచిన వేడిని కూడా లెక్కలో చేర్చడం ఆయన మరచిపోలేదని గమనించండి. మనలో చాలామంది మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా అక్కడే.

1762 ఏప్రిల్‌లో బ్లాక్ ఈ ఫలితాలను గ్లాస్గో ఆచార్యుల సంఘం ముందు చదివాడు. కాని వాటిని అచ్చు వేయలేదు! జీవితమంతా తరగతి గదిలో చెబుతూనే పోయాడు. విద్యార్థులు రాసుకున్న నోట్సు ద్వారా ఆ సంగతి లోకానికి పాకింది. ఆయన మరణించాక, 1803లో జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసాలను పుస్తకంగా ప్రచురించాడు. ఈలోగా 1772లో స్వీడన్‌కు చెందిన యోహాన్ విల్కే స్వతంత్రంగా ఇదే విషయం కనిపెట్టి ప్రచురించాడు. ఆయనకు వచ్చిన విలువ, సెల్సియస్ మానంలో, 72. కొలతలో బ్లాక్ మెరుగు. అచ్చులో విల్కే ముందు. ఘనత ఎవరిదని అడిగితే ఇద్దరిదీ అనడమే న్యాయం.

పొయ్యి మీద రేకు గిన్నె

కరగడం సంగతి తేలింది. మరి మరగడం? 1762లోనే బ్లాక్ అడుగు చదునుగా ఉన్న రేకు గిన్నెలో 50 డిగ్రీల ఫారన్‌హీట్ నీటిని పోసి, ఎర్రగా కాలిన ఇనుప పలక మీద పెట్టాడు. 4 నిమిషాల్లో నీరు మరిగింది. ఆ తరవాత 20 నిమిషాలకు పూర్తిగా ఆవిరైపోయింది. 4 నిమిషాల్లో 162 డిగ్రీలు (50 నుంచి 212 దాకా) పెరిగింది కాబట్టి 20 నిమిషాల్లో దానికి అయిదు రెట్లు, 810 డిగ్రీల వేడి ఆవిరిలో దాగింది. అసలు విలువ 970కి దగ్గరగా ఉంటుంది. అంటే ఆరో వంతు తక్కువ. అయినా వంటింటి పొయ్యితో చేసిన కొలతకు అది తక్కువేమీ కాదు.

ఇది మీరూ చేసి చూడవచ్చు. 30 డిగ్రీల నీటిని ఒకే సెగ మీద పెట్టి, మరగడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. తరవాత సగం నీరు ఆవిరి కావడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. (గిన్నె మాడేదాకా ఉంచకండి, సగంతో ఆపితే చాలు.) లెక్క ప్రకారం మొదటి దానికి గ్రాముకు 70 కెలోరీలు, రెండోదానికి 270. రెండో సమయం మొదటిదానికి దాదాపు నాలుగు రెట్లు రావాలి. మీకు కాస్త ఎక్కువ వస్తే కంగారు పడకండి. మరుగుతున్న గిన్నె పక్కల నుంచి గాలిలోకి పోయే వేడిని మీరు లెక్కలో చేర్చలేదు.

అదే గ్లాస్గో విశ్వవిద్యాలయంలో జేమ్స్ వాట్ అనే పనిముట్ల తయారీదారు ఉండేవాడు. 1763-64లో అతనికి న్యూకామెన్ ఆవిరియంత్రం నమూనా ఒకటి మరమ్మతుకు వచ్చింది. కొంచెం ఆవిరిని చల్లార్చడానికి అంతంత చన్నీళ్ళు ఎందుకు కావలసి వస్తున్నాయో అతనికి అంతుపట్టలేదు. తానే కొలిచి చూశాడు. ఆవిరిగా మారిన నీరు తన బరువుకు ఆరు రెట్లు బావినీటిని మరిగే స్థితికి తేగలదని తేలింది. ఈ వింతను బ్లాక్ దగ్గరకు తీసుకెళితే, ఆయన గుప్తోష్ణం సంగతి వివరించాడు. వాట్ చెప్పిన ఆరు రెట్లను మన సంఖ్యలతో సరిచూద్దాం. ఒక గ్రాము ఆవిరి నీరైతే వెలువడేది 540 కెలోరీలు. బావినీరు 10 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే, గ్రాము నీరు 100కు చేరడానికి 90 కెలోరీలు. 540ని 90తో భాగిస్తే సరిగ్గా 6!

పాత యంత్రంలో ప్రతి విసురుకూ సిలిండరునే చల్లార్చి, మళ్ళీ వేడి చేయవలసి వచ్చేది. బొగ్గు అంతా అక్కడే ఖర్చయ్యేది. ఆవిరిని వేరే పాత్రలో చల్లారిస్తే సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుందన్న ఆలోచన వాట్‌కు 1765లో తట్టింది. 1769లో పేటెంటు పొందాడు. ఆ ఆలోచనంతా బ్లాక్ సిద్ధాంతం నుంచే పుట్టిందని కొన్ని పుస్తకాలు రాస్తాయి. వాట్ స్వయంగా దాన్ని ఒప్పుకోలేదు. విషయాన్ని తాను ముందే గమనించానని, బ్లాక్ దాని కారణం చెప్పాడని అన్నాడు. బ్లాక్ దగ్గర సక్రమంగా తర్కించడం నేర్చుకున్నానని మాత్రం కృతజ్ఞతతో చెప్పుకున్నాడు.

ఫ్రాన్స్‌లో లవోజియే, లాప్లాస్‌లు గుప్తోష్ణాన్నే కొలబద్దగా మార్చేశారు. 1783లో వారు వివరించిన మంచు కెలోరీమాపకంలో వస్తువు విడిచిన వేడికి ఎంత మంచు కరిగిందో తూచడమే పని. అందులో ఒక గినీ పందిని ఉంచితే 10 గంటల్లో 13 ఔన్సుల మంచు కరిగింది. మన లెక్కల్లో సుమారు 400 గ్రాములు, 32,000 కెలోరీలు. గడియారంతో భాగిస్తే ఆ చిన్న జంతువు 4 వాట్లకు కొంచెం తక్కువైన దీపంలా వెలుగుతున్నదన్నమాట. ఊపిరి పీల్చడం ఒక రకమైన మంద దహనమని వారు తేల్చినది ఈ మంచు నీటిని తూచే.

వేడి అనేది ఒక అదృశ్య ద్రవమని వీరిలో చాలామంది నమ్మారు. ఆ నమ్మకం 19వ శతాబ్దం మధ్యకు జౌల్ ప్రయోగాలతో కూలిపోయింది. బ్లాక్ కొలతలు మాత్రం చెక్కుచెదరలేదు. సిద్ధాంతం మారినా మంచి కొలత నిలుస్తుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. ఉష్ణోగ్రత అణువుల కదలికకు కొలత అని నేడు మనకు తెలుసు. మంచులో ప్రతి నీటి అణువూ చుట్టూ ఉన్న నాలుగు అణువులతో చేతులు కలిపి నిలబడి ఉంటుంది. కరిగేటప్పుడు ఇచ్చిన శక్తి ఆ అమరికను సడలించడానికి ఖర్చవుతుంది, కదలికను పెంచదు. అందుకే పాదరసం కదలదు. మరిగేటప్పుడు అణువులు ఒకదాన్నొకటి పూర్తిగా వదిలిపోవాలి. ఒక గ్రాము నీరు 1,670 ఘన సెంటీమీటర్ల ఆవిరిగా విస్తరించాలి. అందుకే 80 ఎక్కడ, 540 ఎక్కడ!

ఈ తేడా ఎంతో చూడాలంటే, -10 డిగ్రీల మంచు 100 గ్రాములు తీసుకుని 100 డిగ్రీల ఆవిరిగా మార్చే లెక్క వేయండి. మంచు విశిష్టోష్ణం 0.5 కాబట్టి సున్నాకు రావడానికి 500 కెలోరీలు. కరగడానికి 8,000. నీరు 100 డిగ్రీలకు చేరడానికి 10,000. ఆవిరి కావడానికి 54,000. మొత్తం 72,500 కెలోరీలు, సుమారు 3,03,000 జౌళ్ళు. ఇందులో దాదాపు మూడు వంతుల భాగం, అంటే నాలుగింట మూడు వంతులు, ఉష్ణమాపకం కదలకుండా కూర్చున్న ఆ చివరి మెట్టులోనే ఖర్చయింది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు అమ్మ చెయ్యి దూరంగా పెట్టమనేది ఇందుకే. ఒంటి మీద పడ్డ గ్రాము మరుగునీరు 37 డిగ్రీలకు చల్లారేలోగా ఇచ్చేది 63 కెలోరీలు; గ్రాము ఆవిరి ఇచ్చేది 603.

బోస్టన్ నుంచి మంచు

ఈ లెక్క మన దేశంలో ఒకప్పుడు ఒక వ్యాపారాన్నే నిలబెట్టింది. అంతకుముందు మంచు ఇక్కడే తయారయ్యేది. అలహాబాదు ప్రాంతంలో మంచు తయారుచేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. శీతకాలపు రాత్రి, లోతు తక్కువ గుంటల్లో చెరకు ఆకులూ ఎండు జొన్నచొప్ప వంటివీ పరిచి, వాటి మీద మెరుగు లేని పలుచటి మట్టి మూకుళ్ళలో నీరు పోసి ఉంచేవారు. గాలి గడ్డకట్టేంత చల్లగా లేకున్నా తెల్లవారేసరికి మూకుళ్ళలో మంచు పలకలు! నిర్మలమైన ఆకాశంలోకి వేడి వికిరణం చెందడమే ముఖ్య కారణమని 1814లో విలియం వెల్స్ వివరించాడు. మట్టి మూకుడు గుండా ఊరి ఆవిరయ్యే నీరు కూడా ఒక చెయ్యి వేస్తుంది. సున్నా దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 597 కెలోరీలు కావాలి. అది చుట్టూ ఉన్న నీటి నుంచే లాక్కుంటే 7 గ్రాములకు పైగా గడ్డకడుతుంది. వేసవిలో మన మట్టికుండ చేసే పనీ ఇదే, కాకపోతే అది గడ్డ కట్టేదాకా పోదు.

1833 మేలో ఫ్రెడరిక్ టూడర్ అనే వ్యాపారి మంచు నింపిన 'టస్కనీ' ఓడను అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు పంపాడు. చెరువుల్లో కోసిన సహజమైన మంచు, సుమారు 180 టన్నులు. రెండుసార్లు భూమధ్యరేఖ దాటి, నాలుగు నెలలు సముద్రంలో గడిపి సెప్టెంబరులో అది చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. కలకత్తా ప్రజలు ఆశ్చర్యపోయారు. మనం లెక్క వేద్దాం.

టన్నుకు 1000 కిలోలు అనుకుందాం. కరిగినది 80,000 కిలోలు. కిలోకు 3,34,000 జౌళ్ళ చొప్పున 2,672 కోట్ల జౌళ్ళు. నాలుగు నెలలంటే ఒక కోటీ 4 లక్షల సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 2,600 జౌళ్ళు. ఓడ గోడల గుండా నాలుగు నెలలూ లోపలికి చొరబడిన వేడి స్నానాల గదిలోని ఒక నీళ్ళ హీటరు ఇచ్చేపాటిది మాత్రమే! పొట్టూ గడ్డీ కూరిన పలకల గోడలు తమ పని ఎంత బాగా చేశాయో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇప్పుడు బ్లాక్‌కు ముందువారి అభిప్రాయం నిజమై, మంచు కరగడానికి ఒక డిగ్రీ పాటి వేడి చాలుననుకోండి. కిలోకు 4,180 జౌళ్ళు. 180 టన్నులకు 75 కోట్ల జౌళ్ళు. అదే 2,600తో భాగిస్తే 2,90,000 సెకన్లు. బోస్టన్ విడిచిన నాలుగో రోజుకు ఓడలో ఉండేది 180 టన్నుల చన్నీళ్ళే.

కలకత్తా తరవాత బొంబాయి, మద్రాసులకూ ఈ మంచు వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న మన కోస్తా, రాయలసీమ జిల్లాల రాజధానిలో, సముద్రతీరాన మంచు నిల్వకు కట్టిన గుండ్రటి భవనం నేటికీ ఉంది. 1897లో స్వామి వివేకానంద అక్కడే బస చేశారు. ఇప్పుడు అది ఆయన పేరు మీద స్మారకంగా ఉంది. ఆ పేటను మాత్రం జనం ఐస్ హౌస్ అనే పిలుస్తారు. 1880 ప్రాంతానికి యంత్రాలతో మంచు చేసే కర్మాగారాలు వచ్చి ఓడల మంచును తరిమేశాయి. అలాంటి యంత్రంలో ఒక ద్రవాన్ని ఆవిరి చేసి, దాని గుప్తోష్ణాన్ని నీటి నుంచి లాగడమే కీలకం. గాలి తీసేసిన పాత్రలో ఈథరును ఆవిరి చేసి నీటిని గడ్డ కట్టించడం మొదట చేసి చూపినవాడు విలియం కల్లెన్. ఆయన ఎవరో కాదు, జోసెఫ్ బ్లాక్ గురువు.

మంచు వ్యాపారం పోయినా దాని తూకం పోలేదు. దుకాణంలో ఒక టన్ను ఏసీ, ఒకటిన్నర టన్ను ఏసీ అంటారు. అది యంత్రం బరువు కాదు. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరుగుతూ గదిలోంచి ఎంత వేడి లాగుతుందో అంత లాగగలదని అర్థం. ఇక్కడ టన్ను అమెరికన్ టన్ను, 2,000 పౌన్లు, అంటే 907 కిలోలు. 907ను 3,34,000తో గుణించి, రోజుకు ఉన్న 86,400 సెకన్లతో భాగిస్తే సుమారు 3,500 వాట్లు. (ఇది గదిలోంచి లాగే వేడి, కరెంటు ఖర్చు వేరే లెక్క.) పాత బ్రిటిష్ ఉష్ణ ప్రమాణాల్లో అయితే ఇంకా సులువు. ఒక పౌను నీటిని ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడి చేసేది ఒక ప్రమాణం. కాబట్టి ఒక పౌను మంచు కరగడానికి 144 ప్రమాణాలు. బ్లాక్ వేడి నీటిలో మంచుగడ్డ వేసి 143 అని కొలిచినది ఈ 144నే. 2,000ను 144తో గుణించి 24తో భాగించండి. వచ్చే 12,000నే గంటకు ఇన్ని ప్రమాణాలని ఒక టన్ను ఏసీ వివరాల్లో రాస్తారు.